గోదావరి నీరు ఎచ్చటినుండి వచ్చును? — నదియు, ఉపనదులును, మన పొలములును

వాన కురియును, చెరువు నిండును, మత్తడి దుమికును, తూము తెరచిన మడి తడియును. ఇంతవరకు ప్రతి రైతునకును తెలిసినదే. కాని పెద్ద కాలువ క్రింద భూమి గల పట్టాదారును "మీ కాలువలో పారునది ఏ సీమ వాన?" అని యడిగినచో జవాబు చెప్పగలవారు మిక్కిలి కొలదిమంది. మన ఊరిలో వానలు సమృద్ధిగా కురిసిన యేట కాలువ ఎండుటయు, మన ఊరిలో చినుకు పడని వారమున నది పొంగి పొలములను ముంచుటయు చూచి దైవమును నిందించువారు పెక్కురు. ఈ రెండింటికిని కారణము నది పుట్టు చోటను, దానిలో కలియు ఉపనదుల పుట్టు చోటులను చూచినగాని బోధపడదు. గోదావరి క్రిందను, దాని ఉపనదుల క్రిందను భూములు గల రైతులకు ఆ సంగతిని తేటతెల్లము చేయుటకై ఈ కరపత్రము వ్రాయబడినది.

పరీవాహక ప్రాంతమనగా నేమి?

మొదట మీ ఊరి చెరువునే తీసికొనుడు. కట్టపై నిలిచి ఎగువకు చూచినప్పుడు ఏ గుట్టలమీద, ఏ చెలకలమీద పడిన వాన ఒర్రెలుగా దిగి చెరువు చేరునో, ఆ నేల యంతయు ఆ చెరువునకు పరీవాహక ప్రాంతము. గుట్టకు ఆవలి ప్రక్కన పడిన చినుకు వేరొక చెరువునకు పోవును. రెండింటికి నడుమ నున్న మిట్టయే నీటిని పంచు ధర్మాసనము. దాని తీర్పునకు అప్పీలు లేదు.

కాకతీయుల కాలమునాటి రామప్ప చెరువును, పాకాల చెరువును ఎరుగని వారుండరు. ఒకటి ములుగు సీమలోనిది, మరియొకటి నర్సంపేట సీమలోనిది. పొరుగువారివలె నున్న ఈ రెంటిలో రామప్ప మత్తడి నీరు గోదావరికి పోవుచున్నది. పాకాల నీరు మున్నేరై కృష్ణలో కలియుచున్నది. నడుమనున్న మిట్ట చూచుటకు గొప్ప కొండ యేమియు కాదు. అయినను ఒక ప్రక్క చినుకు ధవళేశ్వరము చూచును, మరియొక ప్రక్క చినుకు బెజవాడ చూచును.

అట్టి చెరువులు, కుంటలు, వాగులు, ఏరులు లెక్కకు మించి కలిసి గోదావరి యగుచున్నది. దాని పరీవాహక ప్రాంతము రమారమి 1,20,000 చదరపు మైళ్లు. భారతదేశ విస్తీర్ణములో ఇంచుమించు పదియవ వంతు. ఇందు సగమునకు కొంచెము తక్కువగా మహారాష్ట్రమునందే యున్నది. తక్కినది తెలంగాణము, ఆంధ్రప్రదేశము, ఛత్తీస్‌గఢము, మధ్యప్రదేశము, ఒడిశాలలో నున్నది. కర్ణాటకమున స్వల్పభాగము కలదు.

ఎగువ గోదావరి

నాసికు జిల్లాలో త్ర్యంబకము దగ్గర బ్రహ్మగిరిపై, సముద్రమట్టమునకు 3,500 అడుగుల ఎత్తున గోదావరి పుట్టుచున్నది. అచ్చటినుండి పడమటి సముద్రము ఏబది మైళ్లు మాత్రమే. కాని ఆ నది పడమటి కనుమలకు వెన్నిచ్చి తూర్పుగా 910 మైళ్లు నడచి బంగాళాఖాతమును చేరుచున్నది.

నైరుతి మేఘములు పడమటి కనుమలను తాకగానే కుండపోతగా కురియును. అయితే ఆ తడి సీమ వెడల్పు కొలది మైళ్లే. కనుమలు దాటగానే మేఘములు వట్టిపోవును. పైఠణు, బీడు ప్రాంతములలో సంవత్సరమున కురియు వాన ఇరువది మొదలు ముప్పది అంగుళముల లోపలనే. ప్రవర కుడివైపునను, పూర్ణ ఎడమవైపునను వచ్చి కలిసినను, అవియు చాలవరకు ఆ మెట్టసీమ నీటినే తెచ్చును. పైగా పైఠణు వద్ద 1976లో ముగిసిన జాయక్‌వాడీ ఆనకట్ట నూరు టి.ఎం.సి.లకు పైగా నిలుపుకొనగలదు. టి.ఎం.సి. యనగా నూరుకోట్ల ఘనపుటడుగులు. ఒక అడుగు లోతున పరచినచో రమారమి 23,000 ఎకరములను కప్పు నీరు. ఈ కొలతను జ్ఞప్తియందుంచుకొనవలెను. దిగువ మరల పనికివచ్చును.

కనుక బాసరవద్ద తెలంగాణములో ప్రవేశించునప్పటికి గోదావరి పేరునకు పెద్దదే గాని చేతిలో నీరు తక్కువ. పోచంపాడు వద్ద 1963 జులై 26న శంకుస్థాపన జరిగిన శ్రీరాంసాగరము ఈ మిగులు నీటిపైననే ఆధారపడినది. దాని ఎగువ పరీవాహక ప్రాంతము 35,000 చదరపు మైళ్లకు పైగా నున్నను నీరు నిశ్చయము కాదు. 2015లో ఎగువనుండి తగిన వరద రాక ఆయకట్టు రైతులు మిక్కిలి కష్టపడిరి. మరుసటి యేడు సెప్టెంబరు చివర, ఉత్తర, హస్త కార్తెలలో కొలది దినములలోనే జలాశయము నిండెను.

నాందేడు జిల్లాలోని బాభళి ఆనకట్టను గూర్చిన తగవునందు సుప్రీంకోర్టు 2013 ఫిబ్రవరి 28న తీర్పు నొసగెను. దాని ప్రకారము జులై 1 మొదలు అక్టోబరు 28 వరకు ఆ ఆనకట్ట తలుపులు ఎత్తియే యుండవలెను. ఈ రెండు తేదీలను శ్రీరాంసాగరము ఆయకట్టు రైతులు వ్రాసి పెట్టుకొనుట మంచిది.

మంజీర

మన రైతులకు మిక్కిలి సన్నిహితమైనది మంజీర. దీనినే మరాఠీ సీమలో మాంజరా యందురు. (పాత రెవిన్యూ దస్తావేజులలో ఒకే నది మూడు నాలుగు విధములుగా వ్రాయబడుటచే తర్జుమాదారులు ఇది వేరు నదియేమో యని భ్రమించుటయు కలదు. పైన్‌గంగ, పెనుగంగ, కొలాబు, శబరి — ఇవియు నట్టివే.) బీడు జిల్లాలో బాలాఘాటు కొండలలో పుట్టి, లాతూరు, బీదరు సీమల మీదుగా తూర్పు ఆగ్నేయముగా నడచి, సంగారెడ్డి ప్రాంతమున ఏదియో మరచిపోయినట్లు ఉత్తరమునకు మరలి, నిజామాబాదు జిల్లా కందకుర్తివద్ద గోదావరిలో కలియుచున్నది. అచ్చట హరిద్రయు కలియుటచే దానిని త్రివేణీ సంగమమని కొలుతురు. మంజీర పొడవు 450 మైళ్లు. పరీవాహక ప్రాంతము రమారమి 12,000 చదరపు మైళ్లు, అనగా గోదావరి మొత్తములో పదియవ వంతు.

1948కి పూర్వము ఈ నది పుట్టుక మొదలు సంగమము వరకు ఇంచుమించు అంతయు హైదరాబాదు సంస్థానమునందే యుండెను. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినపిమ్మట నది మూడు రాష్ట్రముల పాలయ్యెను. సంస్థాన కాలమున నవాబు అలీ నవాజ్ జంగు బహద్దరుగారి ఇంజనీరింగు ప్రజ్ఞచే అచ్చంపేట, బంజేపల్లి గ్రామములవద్ద 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరము ఈ నదిపైననే కట్టబడినది. 2,75,000 ఎకరములకు నీరిచ్చుట దాని ఉద్దేశము. మెట్టపంటలతో కాలక్షేపము చేసిన నిజామాబాదు సీమ వరికిని, చెరకునకును పేరు పొందినది ఆ నీటి చలువచేతనే. 1937లో బోధనులో స్థాపింపబడిన చక్కెర కర్మాగారమునకు చెరకు పండించినది ఆ కాలువలే. ఆ కర్మాగారము 2015లో మూతపడినది. అది వేరు కథ.

నిజాంసాగరము కట్టినప్పుడు దానిలో పట్టు నీరు 29.7 టి.ఎం.సి.లు. నాలుగు దశాబ్దములైన పిమ్మట కొలిచి చూడగా రమారమి 12 టి.ఎం.సి.లే పట్టునని తేలెను. తక్కిన పదునెనిమిది టి.ఎం.సి.ల చోటును మట్టి ఆక్రమించెను. పైన చెప్పిన కొలతతో లెక్కించినచో, నాలుగు లక్షల ఎకరములను ఒక అడుగు లోతున కప్పదగిన నీటి చోటు పోయినదన్నమాట. తరువాత 1970 తరువాతి దశకమున నీటిమట్టమును పెంచి 17.8 టి.ఎం.సి.లు నిలుచునట్లు చేసిరి. ఎంత పెంచినను మొదటి పరిమాణము మరల రాలేదు.

ఆ మట్టి ఎక్కడిది? నిజాంసాగరమునకు ఎగువ రమారమి 8,400 చదరపు మైళ్ల నేల కలదు. అందు అధికభాగము దున్నిన రేగడి. మృగశిర, ఆరుద్ర కార్తెల తొలివానలకు పైరు ఇంకను నేలను కప్పి యుండదు. దున్ని విడిచిన మెత్తని మన్ను వాననీటిలో కలిసి, ఒర్రె పట్టి, వాగు పట్టి, మంజీరలో దిగి, ఆనకట్ట వెనుక నీరు నిలువగానే అడుగున దిగబడుచున్నది. ఒక ఎకరముపై ఒక అంగుళము వాన కురిసినచో ఆ నీటి బరువు నూరు టన్నులకు పైన. అంత నీరు వాలున పరుగెత్తునప్పుడు ఏమి తీసికొనిపోవునో మన చెలకలలో పడిన గండ్లే చెప్పగలవు. శ్రీరాంసాగరము గతియు నిదే. 112 టి.ఎం.సి.లకు కట్టబడిన ఆ జలాశయము పూడికచే 80 టి.ఎం.సి.లకు దిగినది. పొలము నుండి పోయిన మన్ను రైతునకు రెండుమారులు నష్టము కలిగించును: మెట్టరైతునకు పైమన్ను పోవును, తరీ రైతునకు నీటి చోటు పోవును. పెక్కు గ్రామములలో ఆ ఇద్దరును ఒక ఇంటివారే.

మంజీర నీటిని నమ్ముటకు వీలులేదని చెప్పుటకు 2016వ సంవత్సరము చాలును. ఆ యేడు ఏప్రిలులో ఎగువనున్న లాతూరునకు త్రాగునీరు లేక రైలుబండిలో మోసికొనిపోయిరి. అదే యేడు సెప్టెంబరు చివర అదే నది పొంగి సింగూరు, నిజాంసాగరములు నిండెను.

కడెము, మానేరు

శ్రీరాంసాగరము దిగువను ఆదిలాబాదు కొండలనుండి ఎడమవైపున కడెము వచ్చి కలియుచున్నది. చిన్నదైనను ఉగ్రమైనది. కొండ వాలునుండి ఒక్కుమ్మడిగా దిగుటచే దాని వరద కొలది గంటలలోనే వచ్చును. దానిపై కట్టుచున్న ఆనకట్ట 1958లో తెగెను. 1995లో మరల కట్టపైనుండి నీరు పొరలెను. కుడివైపున మానేరు వచ్చుచున్నది. 5,000 చదరపు మైళ్ల పరీవాహక ప్రాంతము గల ఈ ఏరు సిరిసిల్ల, కరీంనగరముల మీదుగా మంథని సీమలో గోదావరిని చేరును. ఇది చెరువుల సీమ. మానేటికి వచ్చు ప్రతి వాగునకును చెరువుల గొలుసు కట్టబడి యున్నది. ఎగువ చెరువు మత్తడి నీరు దిగువ చెరువునకు, దాని మత్తడి నీరు దాని దిగువకు పోవును. గొలుసులో ఒక కట్ట తెగినచో క్రిందివానికి అన్నిటికిని అపాయము.

ప్రాణహిత కలిసిన తరువాత

కాళేశ్వరమువద్ద నిలిచి చూచినవారికి గోదావరి రహస్యము కన్నుల కగపడును. పడమటినుండి గోదావరి వచ్చును. ఉత్తరమునుండి ప్రాణహిత వచ్చును. పేరు మొదటిదానిదే, నీరు చాలవరకు రెండవదానిది. బైతూలు జిల్లా ముల్తాయి దగ్గర పుట్టిన వార్ధ, బుల్డాణా సీమనుండి వచ్చి దానిలో కలిసిన పైన్‌గంగ, సివనీ జిల్లాలో పుట్టిన వైనగంగ — ఇవన్నియు ఏకమై ప్రాణహిత యగుచున్నవి. ఆ పేరుతో నడచునది డెబ్బది మైళ్లే. కాని దాని వెనుక 42,000 చదరపు మైళ్ల నేల కలదు. అనగా గోదావరి పరీవాహక ప్రాంతములో మూడవ వంతునకు పైన. శ్రీరాంసాగరమునకు ఎగువనున్న నేలతో పోల్చినచో విస్తీర్ణమున గొప్ప భేదము లేదు. తెచ్చు నీటిలో మాత్రము పోలికయే లేదు.

కారణము వానయే. వర్షాకాలమున బంగాళాఖాతములో పుట్టిన వాయుగుండములు ఒడిశా తీరము దాటి వాయవ్యముగా ఛత్తీస్‌గఢము, విదర్భ, మధ్యప్రదేశముల మీదుగా సాగును. వాటి త్రోవలోనే ఇంద్రావతి, వైనగంగల అడవిసీమలున్నవి. ఎగువ గోదావరి మెట్టసీమ చేరునప్పటికి ఆ గుండములు బలహీనమగును. కలహండి సీమలో పుట్టి బస్తరు మీదుగా వచ్చు ఇంద్రావతికి 16,000 చదరపు మైళ్ల నేలయు, కొరాపుట్ కొండలలో కొలాబు పేర పుట్టి సీలేరును కలుపుకొని కూనవరమువద్ద గోదావరిలో కలియు శబరికి రమారమి 8,000 చదరపు మైళ్ల నేలయు కలవు. ఆ సీమలలో వాన ఏబది అంగుళములకు పైమాట.

కావుననే భద్రాచలమువద్ద పొంగు వచ్చుటకు భద్రాచలములో వాన కురియనక్కరలేదు. 1986 ఆగస్టులో అచ్చట నీరు 75.6 అడుగులకును, 2022 జులైలో 71.3 అడుగులకును చేరెను. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. శబరి భద్రాచలమునకు దిగువను కలియును గాని, అదియు అదేసమయమున పొంగినచో గోదావరి నీరు ముందునకు పోజాలక వెనుకకు తన్నును. ఆ వెనుకపోటు చిన్న వాగులలోనికి ఎగదన్ని, నదికి దూరముగా నున్న చేలను సైతము ముంచును. నదిఒడ్డున ప్రత్తి, మిరప వేయు రైతులు నది గట్టునే కాక తమ వాగు గట్టును కనిపెట్టి యుండవలెను. దండకారణ్యమున మూడు దినములు ముసురు పట్టినదని వినగానే మోటారులను, ఎరువు బస్తాలను, పశువులను మెరకకు చేర్చుట వివేకము.

దిగువ ఆంధ్రదేశమున 1847–1852 సంవత్సరములలో కాటను దొరగారు ధవళేశ్వరమున కట్టించిన ఆనకట్టకు అన్నపూర్ణ యను పేరు వచ్చుటకు ప్రాణహిత, ఇంద్రావతి, శబరులే మూలము. అచ్చటి రెండవ పంటకు నేటికిని సీలేరు జలవిద్యుత్కేంద్రములనుండి విడుచు నీరే ముఖ్యాధారము. నీరు పుష్కలముగా నున్న ప్రాణహిత సంగమమునుండి నీరు లేని ఎగువకు ఎత్తిపోయవలెనను తలంపుతోనే మేడిగడ్డ ఆనకట్ట కట్టబడి 2019 జూన్ 21న ప్రారంభింపబడెను. 2023 అక్టోబరులో దాని స్తంభములు కొన్ని క్రుంగుటచే అచ్చట నీరు నిలుపుట ఆగిపోయెను.

వాగును చులకన చేయరాదు

పెద్ద నదులను గూర్చి ఇంత వ్రాసినను, అపాయము పెద్ద నదులనుండియే వచ్చునని తలంపరాదు. 2023 జులై 27 ఉదయమునకు ముగిసిన ఇరువదినాలుగు గంటలలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన, అనగా ఇరువదియైదున్నర అంగుళములు, కురిసెను. బీడు సీమలో ఒక సంవత్సరమున కురియు వాన అచ్చట ఒక్క దినమున పడెను. ఆనాడు మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి గ్రామమును ముంచెను. జనులు ఇండ్ల కప్పులెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. వేసవిలో చెప్పులు తడవకుండ దాటు వాగే అది.

రైతులు చేయదగినవి

ఎగువ గోదావరి, మంజీరల క్రింద ఆయకట్టు గలవారు ఊరిలో కురిసిన తొలివానను చూచి ఆబి నారు పోయరాదు. జలాశయములో నిలువ యెంత, ఎగువనుండి వరద వచ్చుచున్నదా యని విచారించి పోయవలెను. ఈ జలాశయములకు వరద తరచుగా శ్రావణ భాద్రపదములలోనే వచ్చును. ముదురు నారు నాటి నష్టపోవుటకంటె, స్వల్పకాలపు వంగడమును సిద్ధముగా నుంచుకొనుట మేలు. ఆలస్యముగా నిండిన యేట ఆబి కొంత తగ్గినను తాబి పంటకు నీరు మిగులును. బావి గలవారు మడిలో కొంతభాగము ఆరుతడి పంటకు విడుచుట మంచిది.

మెట్టభూమి గలవారు వాలు వెంబడి పైనుండి క్రిందికి దున్నరాదు. వాలునకు అడ్డముగా దున్నినచో ప్రతి చాలును ఒక చిన్న కట్ట యగును. చేని దిగువ అంచున గట్టు వేసి, నీరు పోవుచోట రాళ్లు పేర్చి, గట్టుపై గడ్డి పెరుగనిచ్చినయెడల నీరు పోయినను మన్ను నిలుచును. వాగు ఒడ్డువరకు దున్నుకొనుట కొందరికి ఆశ. రెండు మూడు బారలు దున్నక విడిచినచో గడ్డియు దక్కును, ఒడ్డు విరిగి పొలము వాగుపాలగుటయు తప్పును. ఎగువ పొలమువారు ఈ పని చేయక దిగువవారు మాత్రమే చేసిన ప్రయోజనము సగమే. కనుక ఒకే ఒర్రె క్రింది రైతులు కలిసికొని పైనుండి క్రిందికి పనిచేయవలెను.

మత్తడిపై ఇసుక మూటలు పేర్చి మరి రెండడుగుల నీరు నిలుపుట పెక్కు ఊళ్లలో అలవాటు. శిఖము భూమి దున్నుకొనువారు మునుగుచున్నామని రాత్రివేళ మత్తడి కోయుటయు అలవాటే. మొదటిది కట్టను తెంపును, రెండవది చెరువును ఎండబెట్టును. రెంటివలనను వ్యాజ్యములు పెరుగును.

చెరువు పూడిక మట్టిని తీసి పొలములకు తోలుట మన పెద్దల నాటి ఆచారము. తెలంగాణములో 46,000కు పైగా నున్న చెరువులను బాగుచేయుటకై 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ పనులలో ఈ ఆచారమునకు మరల ప్రాణము వచ్చెను. ఈ మన్ను ఎఱ్ఱచెలకకును, దుబ్బనేలకును మిక్కిలి హితము. తేమ నిలుపును, ఎరువు ఖర్చు తగ్గించును. రేగడికి దానివలన లాభము స్వల్పము. చౌడు గల చెరువు మన్ను తోలినచో చేను చెడును గనుక మొదట ఒక మడిలో వేసి పంట చూచి, భూసార పరీక్షకు పంపిన పిమ్మట తక్కిన చేనికి తోలవలెను. వేసవిలో చెరువు ఎండిన తోడనే, తొలివానకు ముందుగనే ఈ పని ముగియవలెను. త్రవ్వునప్పుడు కట్ట పాదమునకును, తూమునకును దగ్గరగా పోరాదు. పైనున్న మెత్తని ఒండ్రును మాత్రమే తీసి, దాని క్రింద మొరము కనబడగానే ఆపవలెను. మొరము త్రవ్వినచో నిలిచిన నీరు ఇంకిపోయి, చెరువు ఆబి పంటకైనను మిగులదు.